కిరియురా తప్పుల పుస్తకం

ఫిబ్రవరి 8. తొట్టిలో నీళ్ళు: ముప్పై ఒకటో గీత.

శాఖకు పంపాల్సిన పచ్చ అట్ట పుస్తకంలో మొదటి పేజీ మీద ఒక తప్పు రాయాలి. నెల రోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు. కాబట్టి ఈ సొంత చిత్తు పుస్తకంలో టోఫు గురించి రాసుకుంటున్నాను.

ఇవాళ కార్ఖానాలో సూదులకు వీడ్కోలు చెప్పే రోజు. బల్ల మీద పళ్ళెంలో తెల్లటి టోఫు దిమ్మ పెట్టారు. చూడ్డానికి మన జున్నులా ఉంటుంది, రుచి సంగతి మాత్రం అడక్కూడదు. ఏడాదంతా గట్టి గుడ్డలో దూరి దూరి వంగిపోయిన సూదుల్ని, విరిగిపోయిన సూదుల్ని తెచ్చి ఒక్కొక్కటిగా అందులో గుచ్చి దణ్ణం పెడతారు. ఇన్నాళ్ళూ కష్టపడ్డావు, ఇక మెత్తగా పడుకో అని అర్థమట. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టడం చూస్తూ చీరాలలో పెరిగినదాన్ని కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు. కాస్త కళ్ళు చెమర్చాయి కూడా.

కార్ఖానా పెద్ద కురమోచి గారు ఒక సూది గుచ్చారు, చొక్కా గుండీ కుట్టుకున్నది. నేత మనిషి నిషిగాకి గారు రెండు తెచ్చారు. తర్వాత తొమి గారు వచ్చారు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. నేసిన గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, బాగుందని ముద్ర వేయడం ఆవిడ పని. పూర్తిగా కళ్ళతో చేసే పని. ఆవిడ ఇరవై ఏడు సూదులు గుచ్చారు. లెక్కపెట్టడం నా ఉద్యోగం కాబట్టి లెక్కపెట్టాను. ఎందుకన్ని అని అడగడం కూడా నా ఉద్యోగమే. కానీ అందరూ కళ్ళు మూసుకుని నిలబడి ఉంటే ఏం అడుగుతాం?

ఫిబ్రవరి 21. ముప్పయ్యో గీత.

పొద్దున్నే నలుగురం వరసగా నిలబడి రేడియో చెప్పినట్టు చేతులూ కాళ్ళూ ఆడిస్తాం. తర్వాత నేను కొండెక్కి తెరలు చూసి వస్తాను. వాన పడి పంతొమ్మిదేళ్ళయిన ఊరు ఈ కిరియురా. పెళ్ళికి రాకుండా అలిగి కూర్చున్న మేనమామ గురించి చెప్పుకున్నట్టు ఇక్కడి ముసలివాళ్ళు వాన గురించి చెప్పుకుంటారు. పొగమంచు మాత్రం పన్నెండు నెలలూ సముద్రం మీంచి వచ్చి, వీధుల్లోంచి తీరిగ్గా నడిచి, కొండ దాటి పోతుంది. కొండ మీద అరవై తెరలు నిలబెట్టి ఉన్నాయి. మంచు వాటిలోంచి దూరి వెళ్ళేటప్పుడు దారాలకు చెమ్మ అంటుకుని, చుక్కలై, కిందికి జారి, దోనెలో పడి ఊరి తొట్టికి చేరుతుంది. ఆ తెరలు నేసేది ఇక్కడే. రెండే మగ్గాలు. ఒకటి నిషిగాకి గారిది, రెండోది కురమోచి గారిది.

దేశంలో మిగతా వస్తువులన్నిటినీ పెద్దబుర్ర అనే యంత్రం గీసిస్తుంది, మిల్లులు తయారు చేసేస్తాయి. దాని అసలు పేరు పొడుగ్గా ఇంకేదో ఉంది, ఎవరూ వాడరు. పెద్దబుర్ర తప్పు చేయదు. చేయదు కాబట్టే ముప్పై ఏళ్ళుగా ఉన్నవాటినే నున్నగా చెక్కుతోంది తప్ప కొత్తది ఒక్కటీ పుట్టించలేదు. ఆలస్యంగా ఆ సంగతి గ్రహించిన కొత్తదనాల శాఖ, చేత్తో పని చేసే చిన్న కార్ఖానాలు ఎక్కడెక్కడ మిగిలాయో వెతికి ఒక్కోదానికి ఒక తప్పుల గుమస్తాను వేసింది. ఏ తప్పులో ఏ కొత్త వస్తువు నక్కి ఉందో తెలియదు గనక, జరిగిన ప్రతి తప్పునూ రాయాలి. ఏం తప్పు, ఎవరిది, దాన్నుంచి ఏమైనా పుట్టిందా అని మూడు గడులు. సొంతవాళ్ళయితే మొహమాటపడతారని బయటి దేశాల వాళ్ళను తీసుకున్నారు. అలా నేత ఇంటి పిల్లను, చౌడేశ్వరిని, ఇంత దూరం వచ్చి పడ్డాను.

వాళ్ళ భాష నాకు రాదు. చెవిలో పూస ఉంది, అది మార్చి చెబుతుంది. పూసకు తెలుగు నేర్పేటప్పుడు దగ్గర ఇంకేమీ లేక మా నాయనమ్మ కబుర్లు మూడు వందల గంటలు వినిపించాను. దాంతో ఇక్కడివాళ్ళంతా నాకు మా పేరాల సందులో మనుషుల్లాగే మాట్లాడుతున్నారు. కురమోచి గారు మూడుసార్లు వంగి నమస్కరించి, ఎంతో మర్యాదగా నోరు తెరుస్తారు. నాకు మాత్రం ‘ఏందమ్మా, అన్నం తిన్నావా’ అని వినిపిస్తుంది. పరాయి ఊళ్ళో ఒంటరితనం రాకపోవడానికి సగం కారణం అదే.

మధ్యాహ్నం గంటసేపు అందరూ నిద్రపోవాలి. ఇదీ శాఖ ఉత్తర్వే, గుమస్తాల కన్నా చాలా పాతది. కొత్త ఆలోచనలు నిద్రలో వస్తాయని వాళ్ళ నమ్మకం. నేల కింద వేడినీళ్ళ గొట్టాలున్నాయి. కిటికీల బయట మంచు, లోపల వెచ్చటి చెక్క నేల. ఒళ్ళు మరిచిపోయే నిద్ర. లేచాక గంట కొట్టి ఎవరికేం కల వచ్చిందో రాయడం నా పని. నిషిగాకి గారికి రోజూ ఒకటే కల. సముద్రం అడుగున నిలబడి ఉంటారట, చుట్టూ పొడవాటి నాచు నిలువుగా ఊగుతూ ఉంటుందట. కురమోచి గారికి కల గుర్తుండదు. తొమి గారు తనకు కలలే రావంటారు.

మార్చి 30. ఇరవై ఐదో గీత.

మంచు పలచబడుతోంది. కంటికి అదే తెలుపు, కానీ చుక్కలు మరీ సన్నమై, దారాన్ని తాకకుండా పక్కనుంచి జారుకుంటున్నాయి. సముద్రం వేడెక్కితే ఇంతేనని కురమోచి గారు చెప్పారు. గుడ్డలో ఏం మార్చమంటావని పెద్దబుర్రను మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఒకే జవాబు: ఈ గుడ్డ ఇప్పటికే ఉండగలిగినంత బాగా ఉంది.

నీళ్ళు పదో గీతకు దిగితే ఊరు ఖాళీ చేయించే పడవ వస్తుంది. నాలుగు వందల మందిని లోపలి నగరంలో ముప్పై అంతస్తుల మేడల్లో పెడతారు. ఈ మాట కురమోచి గారు చెప్పేటప్పుడు తొమి గారు టీ పోస్తున్నారు. నా కప్పు నిండిపోయినా పోస్తూనే ఉన్నారు. తర్వాత కిందపడ్డ టీని తనే తుడిచేశారు. ఎవరూ ఏమీ చూడనట్టే ఉన్నారు.

శాఖ నుంచి ఉత్తరం కూడా వచ్చింది. దాదాపు మూడు నెలల్లో ఒక్క తప్పూ రాయని గుమస్తా దేశం మొత్తంలో నేను ఒక్కదాన్నేనట. పొగడ్త కాదు.

మే 6. ఇరవయ్యో గీత.

గోంగూర పచ్చడి కాస్త ఎక్కువ తిన్నాను. మధ్యాహ్నం నిద్రలో దాహం వేసి మెలకువ వచ్చింది.

నిషిగాకి గారు, కురమోచి గారు గోడవైపు తిరిగి గుర్రు పెడుతున్నారు. కిటికీ దగ్గర తొమి గారు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పొద్దున నిషిగాకి గారు నేసిన గుడ్డ. చేతిలో సూది.

దగ్గరికి వెళ్ళి చూశాను. గుడ్డలో అక్కడక్కడ పడుగు దారాలు మాత్రమే నిలువుగా ఉన్నాయి, అడ్డంగా వెళ్ళాల్సిన పేక లేదు. జానెడు మేర ఖాళీ. పేక దారం తెగినా గమనించకపోతే, దాన్ని మోసే నాడె ఉత్తగా అటూ ఇటూ పరిగెడుతుంది. అప్పుడు పడే ఖాళీ అది. చిన్నప్పుడు అలా నేస్తే మా నాన్న నెత్తిన మొట్టేవాడు. తొమి గారు ఆ ఖాళీలో ఒక్కో పేకనూ సూదితో ఎక్కిస్తున్నారు. పూర్తయిన చోట వేలు పెట్టి తడిమినా తేడా తెలియడం లేదు. ఇరవై ఏడు సూదులు ఎక్కడ అరిగాయో అప్పుడు అర్థమైంది. ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు, ఇక ఈ చౌడేశ్వరి ఎంత?

“ఏంది మామ్మా ఇది” అన్నాను. గారు పెట్టడం మర్చిపోయాను.

“కనపడతంది కదమ్మాయ్. నిదానంగా మాట్టాడు, లేస్తారు.”

పదకొండేళ్ళ కిందట చలికాలంలో పడవ తాడు చుట్టుకుని నిషిగాకి గారి ఎడమ చేతి వేళ్ళు నలిగాయట. వేళ్ళు మిగిలాయి, స్పర్శ మిగల్లేదు. కానీ మిగిలిందనే ఆయన నమ్మకం. దారం తెగిన సంగతి ఆ చేతికి తెలియదు. మంచు వెలుతురులో వెంట్రుకంత దారాన్ని ఆయన కళ్ళతో వెతకరు, చేతినే నమ్ముతారు. మొదటి రోజు తొమి గారు ఒక ఖాళీ చూసి, చెబితే బాగుండదని కుట్టేశారు. రెండో రోజూ అంతే. ఇలా పదకొండేళ్ళు ఆవిడ మధ్యాహ్నం కునుకు తీయలేదు.

ఇది రాయాల్సిన విషయమని చెప్పాను. ఆవిడ సూది ఆపలేదు.

“నీళ్ళు పోతే ఇంకో ఊరు పోతాం. మొహం చెల్లకపోతే మడిసి యాడికి పోతాడు?”

రేపు రాద్దాంలే అనుకుని వచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. గంట కొట్టాక ఎప్పటిలాగే తొమి గారి కల గడిలో ‘లేదు’ అని రాశాను.

జూన్ 3. పద్దెనిమిదో గీత.

ఆ రేపు ఇంకా రాలేదు. పైగా తొమి మామ్మ మెట్ల మీద జారి కుడి మణికట్టు బెణికించుకుంది. వారం నుంచి మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుని నేనే కుడుతున్నాను. తప్పులు రాయడానికి జీతం తీసుకుంటూ తప్పులు మాయం చేస్తున్నాను. కంచే చేను మేయడమంటే ఇదే.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈ ఊరికి వచ్చాక నాకు ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. బయట మంచు, లోపల ఇద్దరి గుర్రు, వేళ్ళ మధ్య దారం. మా అమ్మ నా పక్కనే కూర్చుని ఉన్నట్టుంది. మామ్మ మధ్యమధ్యలో నా కుట్టు చూసి పెదవి విరుస్తుంది, ఏమీ అనదు. నేను పడుకున్నాక విప్పి మళ్ళీ ఎడం చేత్తో కుట్టుకుంటోందని నా అనుమానం. నా తప్పును కూడా నాకు తెలియకుండా సర్దేస్తోందన్నమాట.

జూన్ 19. పదహారో గీత.

ఇవాళ గుడ్డలో ఏడు ఖాళీలు. ఆరు కుట్టాను. ఏడోది కుట్టబోతుంటే నిషిగాకి గారు అటు నుంచి ఇటు ఒత్తిగిల్లారు. భయంతో గుడ్డ చుట్టేశాను. సాయంత్రం పూర్తి చేద్దామనుకున్నాను, ఈలోపు కురమోచి గారు దాన్ని కొండ మీదికి పట్టుకుపోయి ముప్పై మూడో చట్రానికి కట్టేశారు.

జూన్ 20. పదహారో గీత.

తెల్లవారుతుండగానే దొంగలా కొండెక్కాను. మంచు ఎంత పలచగా ఉందంటే కింద పడవలు కనిపిస్తున్నాయి. తెరలన్నీ దిగాలుగా వేలాడుతున్నాయి, దోనెల్లో తడి తప్ప నీళ్ళు లేవు. ముప్పై మూడో తెర దగ్గరికి వెళ్తుంటే చప్పుడు వినిపించింది. టప్ టప్ కాదు, సన్నగా ధార.

నేను వదిలేసిన జానెడు ఖాళీలోంచి నీళ్ళు కారుతున్నాయి. అడ్డం లేని నిలువు దారాల మీద చుక్క పుట్టగానే ఆగకుండా జారిపోతోంది. పేక ఉన్న చోట చుక్క ఆ అడ్డదారం మీద చతికిలబడి, గాలి వచ్చి ఎత్తుకుపోయేదాకా కదలడం లేదు. మేం పదకొండేళ్ళుగా నీళ్ళ దారిని మూసి కుడుతున్నాం.

అక్కడే తడి గడ్డి మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం సగం, సిగ్గు సగం.

జూన్ 21. పదహారో గీత.

పచ్చ పుస్తకంలో మొదటిసారి రాశాను. ఏం తప్పు: గుడ్డలో జానెడు ఖాళీ. ఎవరిది: నాది. అబద్ధమేమీ కాదు, నిజంలో చివరి ముక్క. తొమి మామ్మ చదివించుకుని విని, ఒక నారింజ వలిచి నా చేతిలో పెట్టింది.

జులై 12. పన్నెండో గీత.

అంతా తలకిందులైంది. నా తప్పు చదివిన శాఖ సంబరపడిపోయి పెద్దబుర్రకు చెప్పింది. పెద్దబుర్ర జానెడుకొక ఖాళీ చొప్పున వేసి మిల్లులో గుడ్డ నేయించి పంపింది. మంచు తగలగానే ఆ నిలువు దారాలన్నీ తలంటుకున్న జుట్టులా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చుక్క రాలలేదు. ఖాళీల్ని అడ్డదిడ్డంగా మార్చి ఇంకోటి పంపింది. అదీ అంతే. కురమోచి గారు సొంతంగా నాలుగు గుడ్డలు నేశారు, నాలుగూ అతుక్కున్నాయి. ముప్పై మూడో తెర ఒక్కటే కారుతోంది.

ఆ ఖాళీలో పేక నేనే లాగేశాననుకుని రోజూ సాయంత్రం ఆయన నన్ను అడుగుతున్నారు, ఆ రోజు మీరేం చేశారో ఇంకోసారి గుర్తు తెచ్చుకోండి అని. ఆ ఖాళీ నేను చేసింది కాదుగా, ఏం గుర్తు తెచ్చుకోను? ఇంకా రెండు గీతలే ఉన్నాయి. వీధిలో కొందరు అప్పుడే పెట్టెలు సర్దుతున్నారు. వంకాయ మొక్కలకు పోసే నీళ్ళు మామ్మ మానేసింది. నా మొహమాటం నాలుగు వందల మందిని పడవ ఎక్కించబోతోంది. మొహమాటం లేని మనిషి కావాలనే కదా నన్ను ఇంత దూరం నుంచి తెచ్చుకున్నారు.

జులై 13. పన్నెండో గీత.

పుస్తకంలో రాయకముందే నిషిగాకి గారికి చెప్పాలనుకున్నాను. మామ్మను కూడా తీసుకెళ్ళాను, రానంది, చేయి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన మగ్గానికి నూనె పెడుతున్నారు. ఉన్నదంతా చెప్పేశాను. విన్నంతసేపూ నూనె పెడుతూనే ఉన్నారు. తర్వాత ఎడమ చేయి ఎత్తి, కొత్తగా చూసినట్టు చూసుకున్నారు.

“పదకొండేళ్ళు. నా చెయ్యి బానే ఉందనుకున్నా. చెప్పలేదేం తొమి గారూ?”

“చెబితే మగ్గం దిగేవాడివి.”

“దిగేవాణ్ణే.”

“అందుకే చెప్పలా.”

ఆయన నూనె డబ్బా మూత పెట్టి, చెప్పులు మార్చుకుని, మాకిద్దరికీ నడుం వంచి నమస్కరించి వెళ్ళిపోయారు. ఆ నమస్కారం తిట్టుకన్నా ఘోరంగా ఉంది. మామ్మ ఆయన చెక్క పీట మీద చాలాసేపు కూర్చుంది. నామీద కోపం వచ్చిందా అని అడిగాను. వచ్చిందని చెప్పింది.

జులై 16. పదకొండో గీత.

మూడు రోజులు మగ్గం మూగగా ఉంది. ఇవాళ పొద్దున రేడియో మొదలయ్యాక నిషిగాకి గారు వచ్చి ఎప్పటి చోట నిలబడి చేతులు చాచారు. వ్యాయామం అయ్యాక ఆయనే అన్నారు, తన తప్పుతో ఊరికి నీళ్ళొస్తాయంటే ఆ తప్పే నేస్తానని.

మగ్గం ఎక్కారు. సాయంత్రానికి ఆరు గజాల గుడ్డ దిగింది. వెలుతురుకు పట్టి చూశాం. ఒక్క ఖాళీ లేదు. తెలిశాక ఆయన కళ్ళు ప్రతి దారాన్నీ కాపలా కాస్తున్నాయి, తెగిందంటే చాలు చేయి తనంతట ఆగిపోతోంది. కావాలని ఉత్త నాడె విసిరి ఇంకో రెండు గజాలు నేశారు. కొండ మీద కడితే అతుక్కుపోయింది. పదకొండేళ్ళలో మొదటిసారి తప్పు లేకుండా నేసిన మనిషి, తప్పు రావడం లేదని తల పట్టుకుని కూర్చున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

జులై 18. పదకొండో గీత.

నిన్న రాత్రి పడుకునే ముందు మా నాన్న మొట్టికాయ గుర్తొచ్చింది. మొట్టేటప్పుడు ఆయన ఒక మాట అనేవాడు: పడుగు బిగిసిన చోట పేక తెగుతుందే పిచ్చిదానా, చేత్తో చూసుకోవాలి.

ఇవాళ తెల్లారి లేస్తూనే ముప్పై మూడో తెర దగ్గరికి పరిగెత్తి ఆ ఖాళీలోని దారాల్ని వేలితో మీటాను. బిర్రుగా ఉన్నాయి. పక్కనున్నవి అంత లేవు. బిగువుగా ఉన్న దారాలు తడిసినా ఒకదాని మీద ఒకటి వాలవు. నిషిగాకి గారి పేక ఎక్కడ పడితే అక్కడ తెగలేదు, పడుగు బిగిసిన చోటే తెగింది. ఖాళీ ఎక్కడ ఉండాలో గుడ్డే చెప్పుకుంది. మగ్గం మీద ఆ బిగువు ఏ రోజు మంచుకు ఆ రోజు మారుతుంది, పూటకో చోటికి జరుగుతుంది. పెద్దబుర్రకు ఎన్ని లెక్కలొచ్చినా ఇక్కడి పూట తెలియదు.

మరి తెలిసేదెవరికి? పదకొండేళ్ళు ఆ ఖాళీల్లో వేళ్ళు పెట్టి కుట్టిన మనిషికి.

పరిగెత్తుకుంటూ వచ్చి మామ్మను మగ్గం పక్కన కూర్చోబెట్టాను. ఆవిడ నామీద కోపం మానలేదు, కూర్చుంది మాత్రం. కళ్ళు మూసుకుని పడుగు మీద అరచేయి ఆనించింది. నిషిగాకి గారు నాడె పట్టుకుని ఆగారు. మామ్మ చేయి నెమ్మదిగా జరిగి ఒక చోట నిలిచింది.

“ఈడ వదిలెయ్.”

ఆయన నాడెలోంచి దారం తెంపేసి ఉత్తగా విసిరారు. ఆపమనేదాకా విసిరారు. మళ్ళీ దారం కట్టారు. మళ్ళీ ఆవిడ చేయి జరిగింది. ఆయన తప్పుల్ని చాటుమాటుగా నింపిన చెయ్యే ఇప్పుడు బాహాటంగా ఆయన ముందు కూర్చుని, ఎక్కడ వదలాలో చూపిస్తోంది. మధ్యాహ్నం నిద్ర వేళ దాటిపోయింది, ఎవరికీ గుర్తు లేదు. సాయంత్రం దాకా వాళ్ళిద్దరూ ఆ ఒక్క మాట తప్ప మాట్లాడుకోలేదు. చివర్లో నిషిగాకి గారు, ఎడమ చేతి వైపు చూడకుండా, ఇన్నేళ్ళూ మీకు నిద్ర లేకుండా చేశానని అన్నారు. మామ్మ పోన్లే అంది.

జులై 20. పదకొండో గీత.

కట్టాం. అతుక్కోలేదు. దోనె మొదటి నుంచి చివరి దాకా నీళ్ళు. కురమోచి గారు దోసిలి పట్టి తాగి, కొండ మీద అందరి ముందూ బావురుమన్నారు. నా పూసకు ఆ ఏడుపును మార్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆగస్టు 30. పన్నెండో గీత.

పైకి కదిలింది. ఒక్క గీతే. ఇరవై రెండు తెరలు మార్చాం. పడవ రావడం లేదని ఉత్తరం వచ్చింది.

పచ్చ పుస్తకంలో పాత పేజీ కొట్టేయకుండా కింద కొత్తగా రాశాను. ఎవరిది అన్న గడిలో ఏం రాయమంటారని నిషిగాకి గారినే అడిగాను. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయమన్నారు. రాసేటప్పుడు పక్కనే నిలబడి అక్షరాలు సరిచూసుకున్నారు.

ఫిబ్రవరి 8. ఇరవై మూడో గీత.

మళ్ళీ సూదుల రోజు. తెల్లటి టోఫు దిమ్మ. కురమోచి గారిది గుండీ సూది ఒకటి. నేను ఒకటి గుచ్చాను, జూన్‌లో మామ్మ నాకిచ్చింది, కొస వంగింది. తొమి మామ్మ కూడా ఒక్కటే తెచ్చింది. దాన్ని తను గుచ్చకుండా నిషిగాకి గారి చేతికిచ్చింది. ఆయన ఎడమ చేత్తో తీసుకున్నారు. ఆ వేళ్ళకు సూది తెలియదు గనక కళ్ళతో చూసుకుంటూ, నెమ్మదిగా, చివరి దాకా దించారు. ఇద్దరూ కలిసి దణ్ణం పెట్టారు.

తర్వాత పడుకున్నాం. కిటికీ బయట మంచు నడిచిపోతోంది. నిషిగాకి గారు గుర్రు మొదలుపెట్టారు, సముద్రం అడుగుకు చేరి ఉంటారు. కాసేపటికి తొమి మామ్మ కిటికీ దగ్గరికి పీట లాక్కుని, ఒళ్ళో కుట్టడానికి ఏమీ లేదని గుర్తొచ్చి, దాన్ని పక్కన పెట్టి వెచ్చటి నేల మీద వాలింది. కుట్టే పని ఆగినా ఇన్నాళ్ళూ అలవాటుగా అక్కడే కూర్చునేది, వాలడం పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి. రెండు నిమిషాల్లో నోరు కొంచెం తెరుచుకుంది. పెదవులు కదిలాయి, నుదురు ముడిపడి విడిపోయింది. ఆవిడకు కల వస్తోంది.

గడియారంలో గంట దాటింది. గంట కొట్టే కర్ర నా ఒళ్ళో ఉంది.

పచ్చ పుస్తకంలో ఇవాళ్టి పేజీ ఇలా నింపాను.

ఏం తప్పు: మధ్యాహ్నం నిద్ర ముగిసే గంట కొట్టలేదు.

ఎవరిది: చౌడేశ్వరి, తప్పుల గుమస్తా.

దాన్నుంచి ఏమైనా పుట్టిందా: ఆవిడ లేచాక అడుగుతాను.